మూడు గోడల సెట్టు: సాహిరా కాజ్మీ పనిని ఎలా చదవాలి?

1980లో పాకిస్తాన్ టెలివిజన్‌లో ‘ఫరోజాఁ’ అనే కార్యక్రమం నడుపుతున్న మెహతాబ్ చన్నా ఒక ప్రభుత్వ ఉత్తర్వుని ఒప్పుకోలేదు. తెరమీద కనిపించే స్త్రీలందరూ తలమీద దుపట్టా కప్పుకోవాలన్నది ఆ ఉత్తర్వు. ఆమె కప్పుకోనంది. టీవీ వదిలి వెళ్ళిపోయింది. జియా ఉల్ హక్ సైనిక పాలన గురించి, ఆ కాలపు స్త్రీల గురించి రాసినవాళ్ళు ఈ సంఘటనని తప్పకుండా గుర్తు చేసుకుంటారు. గుర్తు చేసుకోవాలి కూడా. ఉద్యోగం పోతుందని తెలిసి ‘కాదు’ అనగలగడం ఏ దేశంలోనైనా చిన్న విషయం కాదు.

అయితే నన్ను కొన్నేళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న ఆమె గురించి కాదు. ఆమెతో పాటు వెళ్ళిపోని వాళ్ళ గురించి. మర్నాడు పొద్దున మామూలుగా స్టూడియోకి వచ్చి, మేకప్ గదిలో అద్దం ముందు కూర్చుని, దుపట్టా సర్దుకుని లైట్ల కిందికి వెళ్ళిన స్త్రీల సంగతేమిటి? వాళ్ళని చరిత్రలో ఏ వరసలో నిలబెడతాం?

మన విమర్శలో ఇందుకు రెండు అరలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి లొంగుబాటు. రెండోది, గత ముప్ఫై ఏళ్ళలో విశ్వవిద్యాలయాల్లో బాగా చలామణీ అయినది, ‘లోపల ఉంటూనే ధిక్కారం’. మొదటిది తీర్పు చెప్పి చేతులు దులుపుకుంటుంది. రెండోది పైకి ఉదారంగా కనిపిస్తుంది గానీ, నిజానికి దానికీ ఓపిక తక్కువే. ఏ స్త్రీ చేసిన ఏ పనిలోనైనా ఒక చిన్న తిరుగుబాటు వెతికి పట్టుకుని, దాన్ని ఎత్తిచూపి, మిగతా పనంతా పక్కన పెట్టేస్తుంది. ఈ రెండు అరల్లోనూ పట్టని ఒక మనిషి గురించి రాయాలని ఈ వ్యాసం. ఆమె పేరు సాహిరా కాజ్మీ. నటి, తర్వాత దర్శకురాలు. 1987లో పీటీవీ కరాచీ కేంద్రం నుంచి వచ్చిన ‘ధూప్ కినారే’ సీరియల్ తీసింది ఆమే.

ఆమె పుట్టుక గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేం. వెళ్ళాలనే ఉంటుంది, ఎందుకంటే స్త్రీ కళాకారుల గురించి రాసేటప్పుడు తండ్రి పేరుతో మొదలుపెట్టడం మనకి ఒక జబ్బు. కానీ ఇక్కడ తండ్రి కథ ఉపఖండం కథ. సాహిరా 1950లో బొంబాయిలో పుట్టింది. తండ్రి శ్యామ్, రావల్పిండిలో పెరిగిన పంజాబీ హిందువు, ‘దిల్లగీ’ (1949) లాంటి సినిమాల హీరో, సాదత్ హసన్ మంటోకి ప్రాణ స్నేహితుడు. తల్లి ముంతాజ్ ఖురేషీ ముస్లిం. 1951 ఏప్రిల్‌లో ‘షబిస్తాన్’ షూటింగులో గుర్రం మీంచి పడి శ్యామ్ చనిపోయాడు. అప్పటికి ఈ పిల్లకి ఏడాది. తర్వాత తల్లి పిల్లలతో పాకిస్తాన్ వెళ్ళిపోయింది. విభజన తర్వాత రావల్పిండి మనిషి బొంబాయిలో పోయాడు. బొంబాయిలో పుట్టిన ఆయన కూతురు సరిహద్దుకి అటువైపు పెరిగింది. దీని మీద ఎంతైనా రాయొచ్చు, రాశారు కూడా. నాకు మాత్రం ఇందులో ఒక్కటే ముఖ్యమనిపిస్తుంది: ఎక్కడ ఉండాలి, ఎక్కడి నుంచి వెళ్ళిపోవాలి అనే నిర్ణయం ఆమె జీవితంలో ఆమె చేతికి రాకముందే ఒకసారి జరిగిపోయింది.

డెబ్బైల్లో ఆమె నటి. 1976లో వచ్చిన ‘పర్ఛాయియాఁ’ హెన్రీ జేమ్స్ నవల ‘ద పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ’కి హసీనా మొయిన్ చేసిన ఉర్దూ రూపం. 1980లో వచ్చిన ‘తీస్‌రా కినారా’కి ఆధారం ఐన్ రాండ్ ‘ద ఫౌంటెన్‌హెడ్’. రెండింట్లోనూ ఆమెతో పాటు భర్త రాహత్ కాజ్మీ నటించాడు. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఈ జాబితా చూడగానే నవ్వొస్తుంది. వ్యక్తి స్వేచ్ఛని దేవుడి స్థానంలో కూర్చోబెట్టిన రచయిత్రి నవల, జనరల్ గారి టెలివిజన్‌లో! కానీ జేమ్స్ నవల సంగతి వేరు. స్వేచ్ఛగా ఉండాలని కోరుకుని, అందుకు కావలసిన డబ్బు కూడా చేతికొచ్చి, తనే ఎంచుకుని పంజరంలోకి నడిచిన స్త్రీ కథ అది. చివర్లో ఆమె మళ్ళీ రోమ్‌కి, ఆ భర్త ఇంటికే ఎందుకు వెళ్తుందో నూట నలభై ఏళ్ళుగా పాఠకులు తగువులాడుకుంటూనే ఉన్నారు. లొంగిపోయిందా? మాట నిలబెట్టుకుందా? సవతి కూతురి కోసం వెళ్ళిందా? ఉండిపోయిన స్త్రీని అర్థం చేసుకోవడం వెళ్ళిపోయిన స్త్రీని అర్థం చేసుకోవడం కన్నా ఎప్పుడూ కష్టమే.

1977 జులైలో జియా అధికారం చేజిక్కించుకున్నాడు. 1979లో హుదూద్ ఆర్డినెన్సులు వచ్చాయి. అత్యాచారానికి గురైన స్త్రీ నేరం రుజువు చేయలేకపోతే, ఆమె గర్భమే ఆమె మీద సాక్ష్యం అయ్యే పరిస్థితి వచ్చింది. అంధురాలైన సఫియా బీబీకి 1983లో కింది కోర్టు జైలూ కొరడా దెబ్బలూ విధించింది. దేశమంతా గగ్గోలెత్తాక షరియత్ కోర్టు ఆ శిక్ష రద్దు చేసింది. 1981లో విమెన్స్ యాక్షన్ ఫోరం పుట్టింది. 1983 ఫిబ్రవరి 12న లాహోర్ మాల్ రోడ్డు మీద సాక్ష్యాల చట్టానికి వ్యతిరేకంగా బయల్దేరిన స్త్రీల మీద పోలీసులు లాఠీలు ఝళిపించారు. అయినా 1984లో ఆ చట్టం వచ్చింది. డబ్బు వ్యవహారాల పత్రాల మీద ఒక పురుషుడి సాక్ష్యానికి బదులు ఇద్దరు స్త్రీల సాక్ష్యం కావాలి. ‘చాదర్ ఔర్ చార్‌దీవారీ’, అంటే ముసుగూ నాలుగు గోడలూ, ఆ ప్రభుత్వపు నినాదం. ఆ నినాదాన్నే శీర్షికగా తీసుకుని ఫహ్మీదా రియాజ్ పద్యం రాసింది. కేసులు మీద పడి, 1981లో ఇండియాకి వచ్చి ఏడేళ్ళు ప్రవాసంలో ఉంది. కిశ్వర్ నాహీద్ వెళ్ళలేదు, ప్రభుత్వోద్యోగంలోనే ఉండి రాసింది. కాబట్టి వెళ్ళడం, ఉండటం అనే రెండు దారులూ కవయిత్రులకీ ఎదురయ్యాయి. కానీ కవయిత్రికి కాగితం చాలు. టెలివిజన్ పనికి స్టూడియో కావాలి, కెమెరాలు కావాలి, ట్రాన్స్‌మిటర్ కావాలి. ఆ రోజుల్లో అవన్నీ ఒక్క రాజ్యం చేతిలోనే ఉన్నాయి. పీటీవీ తప్ప ఇంకో ఛానెల్ లేదు. టెలివిజన్ వదిలేయడం అంటే ఆ వృత్తినే వదిలేయడం.

ఇక్కడే నాకు అసలు నైతిక ప్రశ్న మొదలవుతుంది. నటిగా ఉన్నంత కాలం స్త్రీ ఉత్తర్వుకి లోబడే మనిషి. దుపట్టా ఆమె తలమీదికి వస్తుంది, ఆమె ఒప్పుకుంటుంది లేదా ఒప్పుకోదు. దర్శకురాలయ్యాక అలా కాదు. పీటీవీలో దర్శకులని ‘ప్రొడ్యూసర్’ అనేవాళ్ళు. రచయిత స్క్రిప్టు, నటుల ఎంపిక, సెట్టు, రిహార్సల్, రికార్డింగు అన్నీ ఆ మనిషి చేతి మీదుగానే నడిచేవి. అంటే రాజ్యం ఉత్తర్వు ఆ మనిషి చేతుల మీదుగానే నటి తలమీదికి చేరాలి. ‘దుపట్టా సర్దుకో, జారింది, మళ్ళీ తీద్దాం’ అని చెప్పాల్సిన గొంతు ఆమెదే. నిద్రలేచే దృశ్యంలో కూడా స్త్రీ పాత్ర తల కప్పుకుని ఉండాలన్న నియమం గురించి ఆ కాలంలో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ నవ్వులో ఒక విషయం మరుగున పడిపోతుంది: ఆ నియమం దానంతటదే అమలవదు, అమలు చేసే మనిషి ఒకరుండాలి. తెరముందు నుంచి తెరవెనక్కి వెళ్ళడాన్ని మనం ఎప్పుడూ ఎదుగుదలగానే చెప్పుకుంటాం. నటి వస్తువు, దర్శకురాలు కర్త అని. కర్త కావడం అంటే ఇతరుల శరీరాల మీద వచ్చే ఉత్తర్వుకి జవాబుదారీ కావడం కూడానని ఎందుకో చెప్పుకోం.

ఇది పాకిస్తాన్‌కే, జనరల్స్‌కే సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. నేను కొంతకాలం కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పిన ఒక మహిళా కాలేజీలో ఒక ఏడాది సర్క్యులర్ వచ్చింది. కుర్తీ మోకాలు దాటాలి, చున్నీకి రెండు వైపులా పిన్ను ఉండాలి. పొద్దున్న గేటు దగ్గర నిలబడి చూడటానికి లెక్చరర్లకి వంతులు వేశారు. ఒక మేడమ్ ఈ డ్యూటీ చెయ్యనని రాసిచ్చింది. మేమంతా స్టాఫ్ రూములో ఆమెని మెచ్చుకున్నాం. ఆ వంతు ఖాళీగా ఉండలేదు, ఇంకొకామెకి పడింది. ఆ ఇంకొకామె సర్వీసులో పెద్దది, నోట్లోంచి మాట రాని మనిషి. ఆమె గేటు దగ్గర నిలబడి పిల్లల ఐడీ కార్డులు మాత్రం శ్రద్ధగా చూసేది, ‘టిఫిన్ తిన్నావా?’ అని అడిగేది, లోపలికి పంపేసేది. చున్నీల వంక చూసినట్టే ఉండేది కాదు. తర్వాత కొన్నాళ్ళకి ఎవరికివాళ్ళు తమ వంతు కూడా ఆమెకే ఇవ్వడం మొదలుపెట్టారు. సర్క్యులర్ రద్దు కాలేదు. ఆమె ఆ సర్క్యులర్‌ని వ్యతిరేకించిందని ఎవరూ అనలేరు. సాక్ష్యం లేదు. ఆ గేటు దగ్గర ఏడిచిన పిల్ల లేదన్నదొక్కటే సాక్ష్యం, అది ఏ రికార్డులోకీ ఎక్కదు. పైగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆమె అంత బాగా నిలబడబట్టే ఆ గేటు డ్యూటీ ఏ గొడవా లేకుండా సాగిపోయింది.

‘ధూప్ కినారే’ని నేను ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకునే చూస్తాను.

కథ అందరికీ తెలిసిందే. ఇండియాలో వీడియో క్యాసెట్ల కాలంలో ఈ సీరియల్ చేతులు మారుతూ ఇల్లిల్లూ తిరిగింది. 2011లో సోనీ టీవీ ‘కుఛ్ తో లోగ్ కహేంగే’ పేరుతో మళ్ళీ తీసింది. కరాచీలో ఒక ఆసుపత్రి. డాక్టర్ అహ్మర్ అన్సారీ గంభీరమైన సీనియర్. జోయా కొత్తగా చేరిన అల్లరి పిల్ల. జోయా తండ్రిని కాదని ఆమె తాత తన ఆస్తి అహ్మర్‌కి ఇచ్చిపోయాడు. ఈ ముడి విప్పుకుంటూ వాళ్ళిద్దరి ప్రేమ. హసీనా మొయిన్ రాసింది. నయ్యరా నూర్ గొంతులో ఫైజ్ పద్యం శీర్షిక గీతం. అహ్మర్‌గా రాహత్ కాజ్మీ, జోయాగా మరీనా ఖాన్.

ఈ సెట్టుని ఒకసారి ఊహించుకోండి. రెండు పురుష సాక్ష్యాలు లేకపోతే ఒక పురుషుడూ ఇద్దరు స్త్రీలూ కావాలని చట్టం అంటున్న దేశంలో, ఒక స్త్రీ రాసింది, ఇంకొక స్త్రీ తీస్తోంది, ఆమె భర్త ఆమె చెప్పిన చోట నిలబడి, ఆమె చెప్పిన చోట ఆగి, సరిగ్గా రాకపోతే మళ్ళీ చేస్తున్నాడు. ఒక్క స్త్రీ మాట చాలు! ఇది వ్యంగ్యం కోసం అనడం లేదు. జియా నినాదంలో గోడలు నాలుగు. స్టూడియో సెట్టుకి ఉండేవి మూడే. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరాలు, వాటి వెనక సాహిరా. నాలుగు గోడల మధ్య స్త్రీ ఏం చేస్తుందో ఎవరికీ తెలియకూడదని రాజ్యం అనుకుంటే, ఆ గదిని తెరిచి కోట్లమందికి చూపించే పని చేసింది టెలివిజనే, అదీ రాజ్యం సొమ్ముతో. ఈ వైరుధ్యం సాహిరా సృష్టించింది కాదు. దాన్ని వాడుకోవడం ఆమెకి తెలుసు.

ఎలా వాడుకుంది? జోయాకి తెల్లకోటు వేసింది. వైద్యుల కథ కాబట్టి కోటు ఉంటుంది, అందులో విశేషమేమిటని అడగొచ్చు. తెరమీద స్త్రీ దుస్తులన్నీ ఒకే ఒక్క గుడ్డ చుట్టూ, అది ఉందా లేదా, ఎక్కడుంది అన్న లెక్క చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, ఆ కోటు చూపుని ఇంకోచోటికి మళ్ళిస్తుంది. ఆ పిల్ల స్త్రీగా కాక డాక్టరుగా నడుస్తుంది. కత్తిరించిన జుట్టు, పొడుగు అంగలు, నోరారా నవ్వు. 1985 చివర్లో మార్షల్ లా ఎత్తేశాక ఆంక్షలు కాస్త సడలాయన్నది నిజమే. అయినా సడలింపు వచ్చినంత మాత్రాన ఇలాంటి పిల్ల తెరమీదికి దానంతటదే రాదు. ఆ పిల్ల ఎలా నడవాలో ఎవరో నిర్ణయించాలి. హసీనా మొయిన్ నాయికలు అంతకుముందూ అల్లరివాళ్ళే, గడుసువాళ్ళే. ఆ అల్లరిని ‘అన్‌కహీ’లోనూ ‘తన్హాయియాఁ’లోనూ మనం మాటల్లో వింటాం. ‘ధూప్ కినారే’లో మాటలు ఆగిపోయాక ముఖం మీద కెమెరా నిలబడుతుంది. ఆ నిలబడటం దర్శకురాలిది. స్క్రిప్టులో ఉండేది కాదు.

డాక్టర్ షీనాని చూడండి. బదర్ ఖలీల్ చేసింది. అహ్మర్‌తో కలిసి పనిచేసే, అహ్మర్‌ని ప్రేమించే, ఆ మాట అనని స్త్రీ. మన సినిమాలు ఇలాంటి పాత్రని ఈర్ష్యాళువుగానో త్యాగమూర్తిగానో చేసి ఆడుకుంటాయి. ఇక్కడ ఆమె వార్డుకి వెళ్తుంది, పని చేసుకుంటుంది, సహోద్యోగితో మాట్లాడుతూ ఒక్క క్షణం ఆలస్యంగా చూపు తిప్పుకుంటుంది. పెళ్ళికాని, యవ్వనం దాటుతున్న, ఉద్యోగం చేసుకునే స్త్రీకి గౌరవంగా దుఃఖపడే హక్కు తెరమీద ఎంత అరుదో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కరలేదు. ఈ సీరియల్ మీద ఆరాధన అంతా జోయాకి పోతుంది. నాకు మాత్రం సాహిరా చూపు తెలిసేది షీనాలోనే.

ఇక రెండో మాట. 1986 డిసెంబరులో కరాచీ తగలబడింది. ఒరంగీలో, అలీగఢ్ కాలనీలో, కస్బా కాలనీలో ఇళ్ళలో ఉన్నవాళ్ళని చంపారు. 1987 జులైలో బోహ్రీ బజార్ బాంబు పేలుళ్ళలో డెబ్బై మందికి పైగా చనిపోయారు. ‘ధూప్ కినారే’ ఆ నగరంలోని ఒక ఆసుపత్రి కథ. ఆ ఆసుపత్రికి ఆ గాయాలతో ఎవరూ రారు. హుదూద్ కేసులో వైద్య పరీక్షకి పోలీసులు తీసుకొచ్చిన స్త్రీ రాదు. వస్తే ప్రసారం కాదని తెలుసు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ రాని మనుషులు లేకుండా ఆ ఆసుపత్రి ఎంత అందంగా ఉందో కూడా చూడాలి కదా! సముద్రం, సంధ్యవేళ, హాస్యం, చదువుకున్నవాళ్ళ తీయటి ఉర్దూ. ఈ అందం ఎవరికి పనికొచ్చింది? ఇంట్లో కూర్చుని చూసిన ఆడపిల్లకి పనికొచ్చింది, ఆమెకి డాక్టరు కోటు వేసుకుని నడిచే ఒక ఒళ్ళు దొరికింది. మా దేశంలో స్త్రీలు ఎంత ఆనందంగా ఉన్నారో చూడండని లోకానికి చెప్పుకోదలచిన ప్రభుత్వానికీ పనికొచ్చింది. ఈ రెండింట్లో ఒకటి నిజమని తేల్చి రెండోది కొట్టేసే తూకం నా దగ్గర లేదు. పైగా ప్రేమకథలో ఇంకో చిక్కు కూడా ఉంది. సీనియర్ పురుషుడు జూనియర్ అమ్మాయిని పదిమందిలో కసురుకోవడం, ఆ కసురులోంచే ప్రేమ పుట్టడం. ఇవాళ ఏ ఆసుపత్రి అంతర్గత ఫిర్యాదుల కమిటీ ముందు పెట్టినా ఆ తొలి సన్నివేశాలు ఇంకోలా కనిపిస్తాయి. నవ్వుకుంటూ చూస్తాం. నేనూ నవ్వుకుంటూనే చూస్తాను. కానీ చెప్పకుండా ఉండలేను.

ఇక్కడ మన నేలకున్న ఒక సంబంధం చెప్పాలి. పీటీవీ కరాచీ సీరియల్స్‌లో స్త్రీల ఇల్లు, స్త్రీల సంభాషణ, పెళ్ళిళ్ళ సందడి ఇంత నిండుగా ఉండటం హసీనా మొయిన్ ఒక్కదాని వల్ల జరగలేదు. ఆమెతో పాటు ఫాతిమా సురయ్యా బజియా ఉంది. బజియా 1930లో, అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న రాయచూరులో పుట్టింది. హైదరాబాదు కుటుంబం. 1948 తర్వాత కరాచీకి వలస వెళ్ళింది. ‘షమా’, ‘అఫ్షాన్’ లాంటి సీరియల్స్ రాసి, 2016 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆమె చెల్లెలు జెహ్రా నిగాహ్ కవయిత్రి. దక్కనీ ఇళ్ళ మర్యాదా, పెద్దమ్మల చెణుకులూ కరాచీ స్టూడియోల్లోకి ఎలా వెళ్ళాయో ఎవరైనా పూనుకుని పరిశోధించాల్సిన విషయం. నా మాట మాత్రం వేరే. రచయిత్రులైన బజియా, హసీనా పేర్లు నిలబడ్డాయి. సీరియల్ అనగానే ‘హసీనా ఆపా సీరియల్’ అంటారు. తీసిన సాహిరా పేరు తర్వాత వస్తుంది, కొన్నిసార్లు రాదు. సాహిత్యం చదువుకున్నవాళ్ళం కాబట్టి మనకీ మాటే కనిపిస్తుంది. చేతి పని కనిపించదు. కుట్టుపని చేసేవాళ్ళ పేరు ఎంబ్రాయిడరీ మీద ఎప్పుడుంది?

1988 ఆగస్టులో జియా విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఉత్తర్వుల కాలం అయిపోయిందనుకుంటే, సాహిరా తర్వాతి పనుల్లో ఇంకో రకం అనుమతి కనిపిస్తుంది. తొంభైల మొదట్లో ఆమె ‘ఆహట్’ తీసింది. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇల్లు, కొడుకు కావాలన్న అత్తింటి పోరు, ఆ తల్లి శరీరం. హసీనా మొయిన్ రచన, సానియా సయీద్ నటన. తర్వాత 1993లో అస్గర్ నదీమ్ సయ్యద్ రాసిన ‘నిజాత్’. ఈ రెండూ కుటుంబ నియంత్రణ ప్రచారంలో భాగంగా, విదేశీ సంస్థల సహకారంతో వచ్చినవి. ఆ రోజుల్లో హైదరాబాదులో స్త్రీల సంఘాలు జనాభా నియంత్రణ పేరుతో ఏం జరుగుతోందో చూసి అనుమానించడం నేర్చుకున్నాయి. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగాన్ని స్త్రీశక్తి సంఘటన ప్రశ్నించింది, ఆ మర్నాటి ఏడాది సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఆ చరిత్ర చదువుకున్న నాలాంటివాళ్ళకి, ప్రచారం కోసం తీసిన నాటకం అనగానే గుండెలో ఒక ముల్లు. స్త్రీ ఆరోగ్యం పేరు చెప్పి లెక్కలు చూసుకునే కార్యక్రమాలు ఎన్ని చూడలేదు?

అయినా ‘ఆహట్’ని ఆ ముల్లుతో మాత్రమే చూస్తే ఒక ముఖ్యమైనది తప్పిపోతుంది. అలసిపోయిన గర్భిణి ముఖం ప్రధాన సమయంలో దేశమంతా చూడటం. అందంగా అలసిపోవడం కాదు, మామూలుగా అలసిపోవడం. సానియా సయీద్ అప్పటికి చిన్నది. ఆమె ముఖం మీద ఆ బరువు పెట్టి కదలకుండా నిలబెట్టిన చేతిని గుర్తుపట్టడం కష్టం కాదు, షీనాని నిలబెట్టిన చెయ్యే అది. ‘ధూప్ కినారే’లో ఆ స్త్రీకి శరీరం ఉందనే మాట ఎత్తడానికి లేదు, ఇక్కడ ఎత్తాలి, డబ్బు అందుకే ఇచ్చారు. జనరల్ వద్దన్న దాన్ని దాత అడిగి తీయించుకున్నాడు. మధ్యలో పని చేసే మనిషి ఒక్కతే. ఆమె ఎవరి పక్షం అని అడిగితే జవాబు రాదు. ఎవరి ముఖం మీద ఎంతసేపు ఆగింది అని అడిగితే వస్తుంది.

ఒక సెమినార్‌లో ఈ విషయాలు మాట్లాడినప్పుడు ‘ఇంతకీ ఆమె ఫెమినిస్టేనా?’ అని అడిగారు. ఈ ప్రశ్న నాకు మంచిదనిపించదు. మనం సర్టిఫికెట్లు ఇచ్చే ఆఫీసు కాదు కదా. విమెన్స్ యాక్షన్ ఫోరం స్త్రీలు లాఠీ దెబ్బలు తిన్నారు, వాళ్ళ ధైర్యాన్ని ఇంకొకరికి పంచిపెట్టే హక్కు మనకి లేదు. మెహతాబ్ వదులుకున్నదాన్ని వదులుకోనివాళ్ళ ఖాతాలో కూడా వెయ్యలేం. సాహిరా ఉండిపోయింది. ఉండిపోయినందుకు ఆమెకి కెమెరాలు దొరికాయి, ఆ కెమెరాల వల్ల కొందరు నటీమణులు తయారయ్యారు. ఉండిపోయినందుకు ఆమె కరాచీలో బోహ్రీ బజార్ లేదు. రెండూ ఒకే ఖాతా.

ఆమె సెట్టులో తయారైనవాళ్ళ దారి చూస్తే ఇంకొంచెం అర్థమవుతుంది. మరీనా ఖాన్ తర్వాత తనే దర్శకురాలైంది. 2012లో ‘తన్హాయియాఁ’కి కొనసాగింపు తీసింది, 2021లో ‘పర్దేస్’ తీసింది. అప్పటికి టెలివిజన్ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. పీటీవీలోనే ప్రొడ్యూసర్‌గా పనిచేసి 1993లో ‘మార్వీ’ తీసిన సుల్తానా సిద్దిఖీ ‘హమ్ టీవీ’ యజమానురాలైంది. స్త్రీలు రాస్తున్నారు, తీస్తున్నారు, ఛానెళ్ళే నడుపుతున్నారు. దుపట్టా ఉత్తర్వు లేదు. అయినా ఈ కొత్త సీరియల్స్‌లో చెంపదెబ్బ తిని ఏడ్చే కోడళ్ళు ఎక్కువ, షీనాలు తక్కువ. రేటింగు కూడా ఒక ఉత్తర్వే, సంతకం ఎవరిదో కనిపించదు, అంతే తేడా. ఈ పోలిక చూపించి పాతకాలమే మేలనే వాళ్ళతో నాకు పేచీ ఉంది. జియా కాలం స్త్రీలకి మేలు చేసిందనడానికి ‘ధూప్ కినారే’ సాక్ష్యం కాదు. ఆంక్షల వల్లే కళ పదునెక్కుతుందన్న మాట, ఆ ఆంక్షల కింద పనిచేయని వాళ్ళు చెప్పే మాట. సాహిరాతో పాటు ఎంతమంది స్త్రీలు ఆ స్టూడియో దాకా రాలేకపోయారో, వచ్చినవాళ్ళు ఏమేం తీయాలనుకుని తీయలేకపోయారో, ఆ లెక్క ఏ క్యాసెట్టులోనూ లేదు.

2000లో ‘జేబున్నిసా’ తర్వాత సాహిరా దాదాపుగా ఆ రంగం నుంచి పక్కకి తప్పుకుంది. ఉత్తర్వుల కాలంలో వెళ్ళిపోని మనిషి అవి లేని కాలంలో వెళ్ళిపోయింది.

మనకి ఆమె పని చూడటం కూడా ఎప్పుడూ ఎవరో ఒకరి అనుమతి మీదే ఆధారపడింది. 2014లో ‘జిందగీ’ ఛానెల్ పాకిస్తాన్ సీరియల్స్‌ని మన ఇళ్ళలోకి తెచ్చింది. 2016లో ఉరీ తర్వాత ఆపేసింది. 2025లో పహల్‌గామ్ తర్వాత పాకిస్తాన్ ఛానెళ్ళ యూట్యూబ్ పేజీలు ఇక్కడ మూసేశారు. మా హాస్టల్ కాలపు స్నేహితురాలి అమ్మకి ఈ బాధ లేదు. పాతబస్తీలో వాళ్ళింట్లో బీరువా కింది అరలో క్యాసెట్లు ఉన్నాయి. ఆడించే మిషను మాత్రం చెడిపోయి చాలా ఏళ్ళయింది.

2020లో ‘ధూప్ కినారే’ని అరబ్బీలోకి డబ్ చేసి సౌదీ అరేబియాలో ప్రసారానికి ఇస్తున్నట్టు పాకిస్తాన్ ప్రభుత్వం ప్రకటించింది. స్త్రీలకి అక్కడ డ్రైవింగ్ లైసెన్సులు వచ్చి అప్పటికి రెండేళ్ళు. కత్తిరించిన జుట్టుతో, తెల్లకోటుతో, ముప్ఫై మూడేళ్ళ కిందటి జోయా ఈసారి అరబ్బీలో నవ్వుతుంది. షీనా మాట్లాడని చోట మాత్రం డబ్బింగ్ అవసరం ఉండదు.